బోణీ కాని సంత

ఏటి పడవల ఖర్చుకు వేసిన పన్ను కట్టేది లేదని బజారు వర్తకసంఘం రాజుగారి ముందు తెగేసి చెప్పింది. "ఏరు దాటేది అవతలి ఒడ్డు జనం. కొట్లో కూర్చునే మాకేం సంబంధం?" అన్నాడు సంఘం పెద్ద తిప్పయ్యశెట్టి.

పన్ను లేకపోతే పడవలు ఆగిపోతాయి. పడవ నడిపే నూకాలు లేచింది.

"శెట్టిగారికి సంబంధం లేదు కదా దొరా! పడవ ఎక్కడ ఆపాలో మేమే చూసుకుంటాం."

"నిక్షేపంగా చూసుకో!" అన్నాడు శెట్టి.

సంతరోజు మధ్యాహ్నమైనా ఒక్క కొట్టుకూ బోణీ కాలేదు. శెట్టి రేవుకు పరిగెత్తి నిర్ఘాంతపోయాడు. నిండు పడవలు ఆగకుండా దిగువనున్న పొరుగూరి సంతకు పోతున్నాయి!

"నూకాలూ! మా జనాన్ని ఎక్కడికే తీసుకుపోతున్నావ్?"

"మీ జనమా? మొన్న మీకేం సంబంధం లేదన్నారుగా! పడవల ఖర్చు పొరుగూరి వర్తకులు పెట్టుకున్నారు."

శెట్టి మొలలోతు నీళ్లలోకి దిగిపోయాడు. "ఆపవే తల్లీ, పన్ను కడతాం!"