కొర్లయ్య నావ ఆగిన చోటు

అనగా అనగా ఒక ఏరు. అప్పటికి దాని మీద వంతెన లేదు, వంతెన వస్తుందని కలగన్నవాడూ లేడు. ఏటికి ఇవతల ఊరు, అవతల హైస్కూలు. నడుమ నీళ్ళు, నీళ్ళ మీద మంచు, మంచులో కొర్లయ్య నావ.

కొర్లయ్యకు అక్షరం ముక్క రాదు. వేళ్ళు మడిచి ఇరవై దాకా లెక్కపెడతాడు, ఆ పైన నవ్వేసి ఊరుకుంటాడు. పిల్లల్ని పొద్దున అవతలికి చేర్చడం, సాయంత్రం ఇవతలికి తేవడం అతని పని. చేతిలో పొడుగాటి వెదురు గెడ. దాన్ని నీళ్ళలోకి దించుతాడు, అడుగున నేల తగిలిందో లేదో చూసుకుంటాడు, తగిలాకే తోస్తాడు. తగలకుండా తోస్తే నావ గింగిరాలు తిరుగుతుంది మరి.

ఆ నావలో అసిరి అనే పిల్ల ఎక్కేది. అన్నిట్లో చురుకే గానీ లెక్కల దగ్గరికొచ్చేసరికి గుడ్లు తేలేసేది. తెలివి లేక కాదు, ఓపిక లేక. మొదటి వరుస రాసి నాలుగో వరుసకు గెంతేది. అలా గెంతి గెంతి రెండుసార్లు పరీక్ష తప్పింది. లెక్కల మాస్టారికి విసుగొచ్చింది.

"మూడు లెక్కలిస్తాను, రోజుకొకటి. మూడూ సరిగ్గా చేసుకొస్తే పరీక్షకు కూర్చో. ఒక్కటి తప్పినా నీ పేరు కొట్టేస్తాను" అన్నాడు.

పేరు కొట్టేస్తే ఇంకేముంది, సముద్రపొడ్డున పిన్నమ్మతో కలిసి చేపలు ఎండబెట్టుకోవడమే. అసిరికి పిన్నమ్మంటే ఇష్టమే, కానీ బడంటే ప్రాణం.

మొదటి రోజు లెక్క: ఒక సంఖ్యను మూడింతలు చేసి ఏడు తీసేస్తే ఇరవై వచ్చింది, ఆ సంఖ్య ఎంత? అసిరి గబగబా చేసింది. పదమూడు మిగిలింది, మూడుతో భాగిస్తే తెగలేదు. నావలో కూర్చుని ముక్కు ఎగబీల్చింది.

"ఏటైంది గుంటా?" అన్నాడు కొర్లయ్య.

"లెక్క రానేదు తాతా."

"నాకేటి తెలుస్తాది లెక్క? నువ్వు పైకి సెప్పు. ఒక్కో మాటకి ఒక్కో గెడేస్తాను. గెడ అందిందో నేదో నువ్వే సూసుకో."

"ఏడుని అటేపు పంపించాను" అంది అసిరి.

కొర్లయ్య గెడ దించాడు. "గెడ అందిందా?"

తలూపబోయి ఆగింది. అటువైపు వెళ్ళిన ఏడు తీసివేత గుర్తుతోనే వెళ్ళింది. గుర్తు మార్చడం మర్చిపోయింది. "అందనేదు తాతా."

"అయితే తొయ్యకు."

ఇరవైకి ఏడు కలిపింది. ఇరవై ఏడు. అందులో మూడో వంతు తొమ్మిది. "అందింది తాతా!"

"అయితే తొయ్యి."

నావ ఒడ్డుకు తగిలింది.

రెండో రోజు లెక్క: రెండు మూరల కర్రకు మూడు మూరల నీడ. అదే వేళ అరవై మూరల నీడ పడే తాటిచెట్టు ఎత్తెంత? అసిరి తొంభై అని రాసింది.

"గెడ అందిందా?" అన్నాడు కొర్లయ్య.

మంచులోంచి లేత ఎండ వస్తోంది. నావ అంచున నిలబెట్టిన కర్ర నీడ కర్ర కంటే పొడుగ్గా పడుకుని ఉంది. అసిరి దాన్ని చూసింది. కర్ర నీడ కంటే పొట్టిదైతే చెట్టూ నీడ కంటే పొట్టిదే కావాలి కదా! తను తలకిందులుగా గుణించిందన్నమాట. తొంభై కొట్టేసి నలభై అని రాసింది. "అందింది తాతా."

"అయితే తొయ్యి."

మూడో రోజు ముసురు. ఏరు ఎర్రగా పొంగింది. మిగతా పిల్లలెవరూ బయల్దేరలేదు, నావలో అసిరి ఒక్కతే. కొర్లయ్యకు నాలుగు రోజులుగా దగ్గు. అయినా వచ్చాడు.

మూడో లెక్క: నిశ్చల నీటిలో పడవ వేగం గంటకు నాలుగు మైళ్ళు, ప్రవాహ వేగమూ నాలుగు మైళ్ళే. ఎదురేట్లో పన్నెండు మైళ్ళు వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది? నాలుగులోంచి నాలుగు పోతే సున్నా. పన్నెండును సున్నాతో ఎలా భాగిస్తారు? పుస్తకం వెనక జవాబులు చూద్దామంటే ఆ కాగితం ఎప్పుడో ఊడిపోయింది. వెనకటి ఏడు ఇదే లెక్కకు ఒకడు మూడు గంటలని రాశాడట, ఇంకొకడు సున్నా అని రాశాడట. అసిరికి ఏదీ అందలేదు.

"ఒడ్డు వచ్చేస్తంది తాతా, నా లెక్క అవ్వనేదు" అని భోరుమంది.

"అయితే ఒడ్డు రాకుండా సేస్తానుండు."

కొర్లయ్య నావ ముక్కును ఎదురేటికి తిప్పాడు. గెడ దించి, రొమ్ము ఆనించి తోశాడు. ఒడ్డున ఒక మొగలిపొద. అసిరి చూసింది, పొద ఎదురుగా ఉంది. కాసేపాగి చూసింది, ఎదురుగానే ఉంది. ఇంకా కాసేపాగి చూసింది, అక్కడే ఉంది. వాన చప్పుడు తప్ప లోకంలో ఏమీ లేనట్టుంది.

"తోస్తన్నావేటి తాతా?"

"తోస్తన్నాను."

"నావ కదల్నేదే?"

"కదల్దు. నానెంత తోస్తే ఏరంత తోస్తంది."

"ఇలాగెంతసేపు తోస్తే ఎల్తాం?"

"ఎన్నాళ్ళు తోసినా ఎల్లం. ఎనక్కీ పోం."

అసిరి కళ్ళు తుడుచుకుని రాసింది: "ఎన్ని గంటలైనా చేరదు. దీనికి జవాబు సంఖ్య కాదు." ఆఖరి అక్షరం రాసేదాకా కొర్లయ్య నావను అలాగే పట్టుకున్నాడు.

మాస్టారు ఆ వాక్యం చదివి చాలాసేపు కిటికీలోంచి ఏటికేసి చూశాడు. తర్వాత పరీక్ష రాసేవాళ్ళ పట్టీలో అసిరి పేరు తన చేత్తోనే రాశాడు.

సాయంత్రం అసిరి పరుగున వచ్చింది. కొర్లయ్య నావలో గోనె కప్పుకుని పడుకుని ఉన్నాడు. లేవలేకపోతున్నాడు.

"గెడ అందింది తాతా! మూడూ అందాయి!"

ముసలాడు నవ్వాడు. "అయితే తొయ్యి" అన్నాడు.

గెడ అసిరే తీసుకుంది. దించింది, నేల తగిలిందా అని చూసుకుంది, తోసింది. గెంతలేదు. ఆ పొంగులో అంత చిన్న పిల్ల నావను ఎలా తెచ్చిందో ఏరుకే తెలియాలి. నావ ఒడ్డుకు తగలగానే "తాతా, వచ్చేశాం" అని వంగి చూసేసరికి కొర్లయ్య ప్రాణం వెళ్ళిపోయింది. అసిరి గెడ వదలకుండా ఏడ్చింది.

ఇప్పుడు ఆ ఏటి మీద వంతెన ఉంది. అయినా ఆ దేశంలో పిల్లలు లెక్క చేస్తూ ప్రతి వరుస చివరా ఆగి "గెడ అందిందా?" అని తమను తామే అడుగుతారు. అందితేనే కింది వరుసకు దిగుతారు. సున్నాతో భాగించాల్సి వస్తే "కొర్లయ్య నావ ఆగింది" అని, పక్కన చిన్న నావ బొమ్మ గీస్తారు. అక్కడి మాస్టార్లు దానికి మార్కులు కొయ్యరు.

వానాకాలంలో మొగలిపొద ఎదుట, ఏరంతా పరుగెడుతుంటే, నావ పట్టేంత మేర నీళ్ళు కదలకుండా ఉంటాయి. వంతెన మీద వెళ్ళేవాళ్ళు అది చూసి గొంతు తగ్గించుకుంటారు. ఎవరో పిల్ల లెక్క ఇంకా అవ్వలేదు, ముసలాడు పట్టుకునే ఉన్నాడు అంటారు.