తోమిన కుండ

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే వీరరాఘవమ్మకి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పదు. అడిగిన నోట్లో ఓ రేకు ముక్క పెట్టి, "ముందు అది కరగనీ" అంటుంది. రేకు కరగడానికి ఎంతసేపు? అయినా ఆ తర్వాత ఏదో ఒకటి జరిగేది, అదే జవాబయ్యేది. పక్కింటివాణ్ణి కాబట్టి నేను ఆ రేకులు చాలానే తిన్నాను. తెలివి ఎంత వచ్చిందో మాత్రం అడక్కండి.

ఆవిడ దగ్గర ఆరేళ్లు పని నేర్చిన సత్తివేణి కిందటేడు సొంతంగా దుకాణం పెట్టుకుంది. యజమానీ తనే, పొయ్యి ముందు కూచునేదీ తనే. పెట్టిన నెలకే హైదరాబాదు మిఠాయి కొట్టువాళ్లు పెళ్లిళ్ల కోసం ఎనిమిది వేల రేకులు అడిగారు. ఒకటే షరతు. అడ్వాన్సు దుకాణం పేరున ఉన్న అకౌంటులోనే వేస్తారు. పదిహేను రోజుల్లో ఆ నంబరు పంపకపోతే బేరం వేరేవాళ్లకి పోతుంది. సత్తివేణి రెండు బ్యాంకులు తిరిగి, రెండు కట్టల కాగితాలు చంకన పెట్టుకుని గురువు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, కరెంట్ అకౌంటు ఎందులో తెరవమంటారు? ఒకటి అద్దాల తలుపుల బ్యాంకు, రెండోది సంతవీధిలో చిన్నది. నా దగ్గరున్నది అరవై వేలు. తప్పు చోట పెట్టానంటే దుకాణం మూసుకోవడమే!"

వీరరాఘవమ్మ దాని నోట్లో రేకు పెట్టింది. "దుకాణం చూడందే అకౌంటు ఇవ్వరంటగా. ఇద్దర్నీ రమ్మను. నేనూ వస్తాను" అంది. పిలవకపోయినా నేనూ వెళ్లాను.

ఆ రోజు సత్తివేణి పొద్దున్నే దుకాణం కడిగి, ముగ్గేసి, ఆ ఊపులో పొయ్యి మీది కుండని కూడా కొబ్బరిపీచూ బూడిదా పెట్టి ఎర్రమట్టి బయటపడేదాకా తోమేసింది. పూతరేకుల కుండని తోమడం! నూనె తాగి తాగి నల్లబడితేగాని ఆ కుండ రేకుని వదలదు. ఆ ఊళ్లో చంటిపిల్లనడిగినా చెబుతుంది. కానీ బ్యాంకువాళ్లు వస్తున్నారంటే మనకి మతి ఉంటుందా? వీరరాఘవమ్మ వస్తూనే కుండ చూసింది. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వాపుకుంటూ వెళ్లి ఓ మూల కూచుంది.

ముందు అద్దాల బ్యాంకు నుంచి టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "అబ్బో, కుండ ఎంత నీటుగా ఉందండీ!" అని ఫొటో తీసుకున్నాడు. పెళ్లిళ్ల నెలలో వ్యాపారం ఎంతవుతుందో రాసుకున్నాడు. బంగారు రంగు కార్డూ, గోడ గడియారమూ ఇస్తామన్నాడు. వెళ్తూ వెళ్తూ, "అకౌంటులో ఎప్పుడూ యాభై వేలుండాలండి. తగ్గితే ఏదో కొంచెం కోసుకుంటాం. మీకదో లెక్కా!" అన్నాడు. ఆ ఆఖరి మాటకి మా సత్తివేణి ముఖం మతాబాలా వెలిగింది.

తర్వాత చిన్న బ్యాంకు నుంచి కోదండలక్ష్మి అనే యాభై ఏళ్ల ఆఫీసరు చెమటలు కక్కుతూ స్కూటీ దిగింది. పొయ్యి ముందు పీట వాల్చుకుని, "ఏదమ్మాయ్, ఒక రేకు తియ్యి చూద్దాం" అంది.

సత్తివేణి పిండినీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగింది. రేకు అతుక్కుపోయి పీలికలైంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. అప్పుడు గుర్తొచ్చింది, తను చేసిన ఘనకార్యం. "అయ్యో, నా బుద్ధి మండా!" అని నెత్తి కొట్టుకుంది. పని రానిదానికి అకౌంటెవరిస్తారని బావురుమంది.

కోదండలక్ష్మి పీట మీంచి లేవలేదు. "నూనె రాయి, మళ్లీ వెయ్యి. నాకేం తొందర?" అంటూ, చిరిగినవాటికల్లా బెల్లంపొడి అద్దుకుని తింటూ కూచుంది. నాకూ నాలుగు పెట్టింది, మహాతల్లి. పద్దెనిమిదో రేకు ఉల్లిపొరలా లేచి చేతిలోకి వచ్చింది. మేమంతా "హమ్మయ్య!" అని చప్పట్లు కొట్టాం.

అప్పుడావిడ చెయ్యి కడుక్కుని అడిగింది. "మూఢం వస్తే రెండు నెలలు పెళ్లిళ్లుండవు గదా. అప్పుడు నీ చేతిలో ఎంత మిగులుద్ది?"

"ఆయ్, పది వేలు మిగిల్తే గొప్పండి."

"అయితే ఐదు వేలుంటే చాలనే అకౌంటు తీసుకో. పెద్దదాని సంగతి నువ్వు పెద్దయ్యాక చూద్దాం."

సత్తివేణి గోడ గడియారం సంగతి మరిచిపోయి చిన్న బ్యాంకులోనే అకౌంటు తెరిచింది. వారం తిరిగేసరికి నంబరు హైదరాబాదు వెళ్లింది, అడ్వాన్సు వచ్చింది. ఆ సాయంత్రం తొలి డబ్బా గురువు చేతిలో పెట్టి, కాళ్లకి దండం పెట్టి, ఆనందం పట్టలేక ఏడుస్తూ నవ్వుతూ నిలదీసింది.

"కుండ తోమేశానని మీరు రాగానే చూశారు గదమ్మా! ఒక్క మాట చెప్తే ఏం పోయింది?"

వీరరాఘవమ్మ డబ్బా విప్పి, ఒక రేకు తీసి దాని నోట్లో పెట్టింది.

"చెప్తే, పీలికలు తినేదెవరో ఎలా తెలుస్తుందే?"