తుడవని చుక్క

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు గువ్వలమిట్ట నబీరసూలు. లారీ టైర్లకు పంచర్లు వేసేవాడు. ఆ రోజు అతనక్కడే ఉన్నాడు, అతని లుంగీ కూడా పాడైంది, కాబట్టి అతని మాటే లెక్క. తర్వాత దీన్ని తలా ఒక తీరుగా చెప్పి చెడగొట్టినవాళ్ళ పేర్లు నాకు తెలుసు. ఇక్కడ రాయను.

గువ్వలమిట్టలో చిన్నోబన్న అని ఒక కార్ల మెకానిక్కు ఉండేవాడు. చేతిలో పనితనం ఎంతుందో ముక్కు మీద కోపం అంతుంది. టీ అంగడి మల్లయ్య గ్లాసును షెడ్డు గడప మీద పెట్టి వెనక్కి చూడకుండా పోయేవాడు. ఐదేళ్ళ కిందట "చిన్నోనివి, నీకేం తెలుసు" అన్న ఒక్క మాటకు అన్న పెద్దోబన్నతో తెగదెంపులు చేసుకుని, రోడ్డుకు ఇవతల వేరే షెడ్డు వేసుకున్నాడు. అప్పట్నుంచీ ఎదురెదురు షెడ్లలో అన్నదమ్ములిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా బానెట్లలో తలలు దూర్చి పని చేసుకునేవాళ్ళు.

రోడ్డు వారనే చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునే ఫకీరు ఖలందర్ సాహెబే చిన్నోబన్నకు గురువు. బేస్తవారం తప్పకుండా పోయి కూర్చునేవాడు. ఒక బేస్తవారం కూర్చోకుండా నిలబడే అడిగాడు.

"సామీ, నలభై దినాలు ఒంటిపూట తింటి. నోరు కట్టుకుంటి. కోపం పోయిందనుకుంటి. మళ్ళా వస్తాంది. యాడ్నుంచి వస్తాందో తెల్దు. నిన్న స్పానరు ఇసిరితే మా ఆడమనిషి మూట కట్టి గడప కాడ పెట్టింది. ఇంకొక్క మారు ఇసిరితే పుట్టింటికేనంట. ఏం చేయాల?"

సాహెబు వక్క నములుతూ విన్నాడు. వేపపుల్లతో దర్గా వెనక్కి చూపించాడు.

"మన కారు ఇంజను కడుగు."

అక్కడ రేకుల కింద పాత అంబాసిడర్ కారుంది. ఎవరో భక్తుడు ఇచ్చిపోయి ఇరవై ఏళ్ళు. ఆయిలు తగ్గితే పోసేవాళ్ళు. ఎందుకు తగ్గుతుందని అడిగినవాడు లేడు.

చిన్నోబన్న బానెట్ ఎత్తి ముక్కు మూసుకున్నాడు. మడ్డి రాగిసంగటి ముద్దల్లాగా పేరుకుని ఉంది. ఏది పైపో ఏది వైరో తెలియదు. మూలన పిచ్చుక గూడు ఒకటి, అదీ నల్లగా.

ప్లగ్గులకు కరెంటు పంచే డెల్కోలోకి నీళ్ళు పోకుండా పాలిథిన్ సంచి చుట్టాడు. కార్బొరేటర్ మూతికి గుడ్డ కట్టాడు. మొదటి రోజంతా చెక్కపుల్లతో గీకుడే. రెండో రోజు కిరసనాయిలు, బ్రష్షు. సాయంత్రానికి ఇంజను పక్కన గోరంత ఆకుపచ్చ బయటపడింది. ఇంజనుకు రంగుందని అప్పుడు తెలిసింది. చిన్నోబన్నకు నవ్వొచ్చింది. ఇంకాస్త రుద్దాడు, అరచేయంత ఆకుపచ్చ. ఆ రాత్రి ఇంటికి పోయి భార్యతో చెప్పాడు, "ఆకుపచ్చే అది, ఆకుపచ్చ!" ఆమె మూట విప్పలేదు కానీ ఇంకో ముద్ద వడ్డించింది.

మూడో రోజు సబ్బునీళ్ళు, గుడ్డ. మధ్యాహ్నానికి ఇంజను పెళ్ళికొడుకులా ఉంది. లారీ డ్రైవర్లు దిగొచ్చి చూశారు. ఒకడు తొంగిచూసి అందులోనే తల దువ్వుకున్నాడు. అందరూ ఒకటే నవ్వు. అప్పుడు నబీరసూలు, కొత్త తెల్ల లుంగీ కట్టుకుని ఉన్నాడు, మెచ్చుకోలుగానే అన్నాడు:

"బలే కడిగినావప్పా! అచ్చం పెద్దోబన్న కడిగినట్టే ఉండాది!"

బ్రష్షు పోయి బకెట్లో పడింది. బకెట్లో మడ్డి పోయి లుంగీ మీద పడింది.

"నా పని నేను చేస్తే మధ్యలో వాని పేరెందుకురా!"

నవ్వులు ఆగిపోయాయి. సాహెబు మాత్రం ఏమీ కానట్టు వచ్చి కార్లో ముందు సీట్లో కూర్చున్నాడు.

"పోనీ. చెరువుకట్ట దాకా పోయొద్దాం."

పోయారు, వచ్చారు. "బానెట్ ఎత్తు" అన్నాడు సాహెబు.

ఎత్తాడు. అంతా తళతళలాడుతోంది. ఒక్కచోట, ఇంజను పైమూత టాపెట్ కవరు వెనక మూల, ఒక ఆయిలు చుక్క. నిలబడి మెరుస్తోంది.

చిన్నోబన్న ప్రాణం ఉసూరుమంది. "మూడు దినాలు కడిగితి సామీ! మళ్ళా వచ్చె!" అని గుడ్డ తీశాడు.

సాహెబు అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఈ కారు ఎన్నేండ్లుగా కారుతాంది?"

"ఎన్నేండ్లుగానో."

"యాడ కారుతాందో ముందెప్పుడన్నా కనపడెనా?"

"లేదు సామీ. అంతా నల్లగా ఉండె గదా."

సాహెబు చేయి వదిలేశాడు.

చిన్నోబన్న చుక్కను చూశాడు. తల తిప్పి నబీరసూలు లుంగీని చూశాడు. మళ్ళీ చుక్కను చూశాడు. చేతిలో గుడ్డ చేతిలోనే ఉంది. గొంతు తగ్గించి అన్నాడు:

"మూత కింద ప్యాకింగు పోయింది సామీ. కొత్తది కోయాల."

"కోయి."

"నా చేత కాదు. బెండు షీటు మీద చిన్న సుత్తితో తట్టి, వెంట్రుక వాసి తేడా లేకుండా కోసేటోడు ఈ చుట్టుపక్కల ఒకడే."

"ఎవురబ్బా అది?" అన్నాడు సాహెబు, ఏమీ తెలియనట్టు.

"మా యన్న."

సాహెబు కారు తాళం అతని చేతిలో పెట్టాడు.

పెద్దోబన్న ఆ బానెట్లోకి చూసి, ఐదేళ్ళ తర్వాత మొదటి మాట మాట్లాడాడు. "ఎవుడు కడిగిందిరా ఇది?"

"నేనే."

"నాకు రాదు ఇట్ల" అని సుత్తి వెతుక్కున్నాడు.

రోడ్డుకు అవతలి నుంచి మల్లయ్య రెండు టీలు పట్టుకొచ్చి, గడప మీద పెట్టకుండా చేతికే ఇచ్చాడు.

ఇప్పుడు ఆ దర్గా గోడకు పలక ఒకటి వేశారు. దాని మీద "శిష్యుడు చుక్కను తుడిచి గురువు పాదములకు మ్రొక్కెను" అని ఉంది. అది అబద్ధం. మొక్కలేదు, తుడవనూ లేదు. రాయించిన పెద్దమనిషికి రెండుసార్లు చెప్పించాను, వినలేదు. ఆయన్ని నేను మరిచిపోను. అటువైపు పోయేవాళ్ళు, పెయింటు పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఆ ఒక్క ముక్క చెరిపి సరిగా రాయండి: తుడవలేదు, అన్నకు చూపించడానికి అట్లాగే తీసుకుపోయాడు.