కరుణమ్మ అనని మాట

కొల్లేటి పక్కనున్న ఒక చిన్న టౌన్లో డిగ్రీ మొదటి సంవత్సరం చదివే ఫణీంద్రకు, కాళ్ళతో చెయ్యాల్సిన పనిని కలంతో కానిచ్చేసే అలవాటు ఉండేది. కుర్రాడు తెలివైనవాడే. చేతిరాత ముత్యాలు పేర్చినట్టుండేది. ఇంటర్లో సగం ప్రయోగాలు చెయ్యకుండానే రికార్డు నింపేసి, అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. చేసినవాడి కంటే చక్కగా రాసినవాడికే మార్కులు పడతాయని వాడు ఆ వయసుకే కనిపెట్టాడు. మన దౌర్భాగ్యం, ఆ కనిపెట్టింది అబద్ధం కూడా కాదు.

డిగ్రీలో పర్యావరణం పేపరంటే పిల్లలకు చులకన. పాసైతే చాలు, ముందురోజు రాత్రి ఓజోను పొర గురించి నాలుగు ముక్కలు చదివితే గట్టెక్కవచ్చని సీనియర్లు చెప్పేవాళ్ళు. ఆ ఏడు ఆ పేపరు చెప్పడానికి అనసూయ మేడం వచ్చారు. మొదటి క్లాసులోనే పుస్తకం మూసేశారు.

"నీటి కాలుష్యం ఇందులో పదకొండు పేజీలుంది. అవి మీరే చదువుకోగలరు. నాకు మాత్రం జమ్ములంక నీళ్ళ సంగతి కావాలి" అన్నారు.

జమ్ములంక టౌనుకు ఐదు కిలోమీటర్లు. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఊళ్ళో ఇరవై నాలుగు బోరింగులున్నాయి, క్లాసులో ఇరవై నాలుగు మంది ఉన్నారు. మనిషికొక బోరింగు పంచి, పెన్నంత మీటరు ఒకటి చేతికిచ్చారు మేడం. నీళ్ళలో ముంచితే అది ఒక అంకె చూపిస్తుంది. అంకె ఎంత పెరిగితే నీళ్ళలో ఉప్పులు అంత ఎక్కువ.

"ఆరు ఆదివారాలు, పొద్దున్నే ఏడింటికి వెళ్ళాలి. ముందు యాభైసార్లు కొట్టండి, గొట్టంలో నిలవున్న నీళ్ళు పోవాలి. తర్వాత మీటరు ముంచి అంకె రాయండి. పక్క గడిలో అక్కడ నీళ్ళు పట్టుకునేవాళ్ళు ఏమన్నారో పేరుతో సహా రాయండి. ఏ వారమైనా వెళ్ళలేకపోతే గడి ఖాళీగా వదిలెయ్యండి. డిసెంబరులో గ్రామసభ ఉంది. కొత్త మంచినీళ్ళ పైపు ముందుగా ఏ నాలుగు వీధులకు వెయ్యాలో మన అంకెలు చూసే తేలుస్తామన్నారు సర్పంచిగారు."

మొదటి ఆదివారం ఫణీంద్ర బుద్ధిగానే వెళ్ళాడు. వాడి బోరింగు ఊరి చివరి వీధిలో ఉంది. అంతకుముందు వారమంతా వానలు పడి దారంతా బురదగా ఉంది. అక్కడ కరుణమ్మ అనే ఆవిడ నీళ్ళు పట్టుకుంటోంది. ఆ వీధి బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఆవిడే. ఫణీంద్ర ఇరవైసార్లు కొట్టేసరికే ఆయాసపడుతుంటే నవ్వి, "ఇలాగియ్యి బాబూ" అని మిగతా ముప్ఫై తనే కొట్టింది.

మీటరు నాలుగు వందల పది చూపించింది.

"నీళ్ళు ఎలా ఉన్నాయండీ?" అని అడిగాడు.

"వానలు పడ్డాయి కదా, ఇప్పుడు బానే ఉంటాయి బాబూ. తగ్గాక రా, అప్పుడు చెబుతాను" అంది కరుణమ్మ.

గడి చిన్నది. ఫణీంద్ర అందులో "నీళ్ళు బాగున్నాయి - కరుణమ్మ" అని రాసుకుని సైకిలెక్కాడు.

రెండో ఆదివారం చినుకులు పడుతున్నాయి. దుప్పటి వెచ్చగా ఉంది. 'పోయిన వారం నాలుగు వందల పది. వారంలో నేలలో నీళ్ళు ఏం మారతాయి?' అనుకుని నాలుగు వందల ఐదు వేశాడు. మూడో వారం మబ్బు కూడా లేదు, అయినా దుప్పటి మళ్ళీ గెలిచింది. నాలుగు వందల పద్దెనిమిది. అంకెలు మరీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని వాటిని కాస్త అటూ ఇటూ కదిపేవాడు. ఆ కదపడంలో తన తెలివికి తనే మురిసిపోయేవాడు కూడా. ఆరు వారాలూ పక్క గడిలో ఒకటే మాట. నీళ్ళు బాగున్నాయి, కరుణమ్మ.

రికార్డులు చూసినరోజు మేడం ముచ్చటపడ్డారు. షాహీన్ అనే అమ్మాయి రికార్డుకు బురద మరకలున్నాయి, రెండు గడులు ఖాళీగా ఉన్నాయి. ఫణీంద్రది మాత్రం పెళ్ళిపత్రికలా ఉంది. "రికార్డంటే ఇలా ఉండాలి" అని దాన్నే అందరికీ చూపించారు. అంకెలన్నీ కలిపి పట్టిక తయారుచేసే పని కూడా వాడికే ఇచ్చారు. వాడి ఛాతీ రెండంగుళాలు పొంగింది.

గ్రామసభ రోజున పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. విద్యార్థులు మీటర్లతో సహా ఒక పక్క కూర్చున్నారు. సర్పంచి మంగారావుగారు పట్టిక చూసి, అంకెలు ఎక్కువగా ఉన్న నాలుగు వీధుల పేర్లు చదివారు. చివరి వీధి అందులో లేదు.

వెనక నుంచి ఒకావిడ లేచింది. కరుణమ్మ!

"అయ్యా, మా వీధి వదిలేశారండి. నెలరోజులై మా బోరింగు నీళ్ళు నోట్టో పెట్టుకోలేకపోతున్నామండి. బళ్ళో పప్పు ఎంతసేపు పెట్టినా ఉడకట్లేదు. పిల్లలు పళ్ళెంలో వదిలేసి పోతన్నారండి."

మంగారావుగారు చెడ్డ మనిషి కాదు. పట్టిక చూశారు, దాని కింద పెట్టిన ఆ వీధి రికార్డు తిరగేశారు, మళ్ళీ ఆవిడ వంక చూశారు.

"అదేంటి కరుణమ్మా! నాలుగు వందల పై చిల్లరే ఉందిక్కడ. పైగా నీళ్ళు బాగున్నాయని నువ్వే అన్నావంట. ఒకసారి కాదు, ఆరు వారాలూ నీ పేరే రాసుంది!"

షామియానా కింద గొల్లుమన్నారు. "పైపనేసరికి మాట మార్చేసిందిరోయ్!" అని ఎవరో అరిచారు.

కరుణమ్మ తెల్లబోయింది. "నేనా? మొదట్లో ఒక బాబు వచ్చాడు, అప్పుడన్నానండి... అన్నానేమోనండి. చదువుకున్న పిల్లలు ఊరికే రాయరు కదా" అని కొంగు భుజాన కప్పుకుని మెల్లిగా కూర్చుండిపోయింది.

ఫణీంద్ర తలెత్తి ఆవిడ వంక చూశాడు. తనకోసం ముప్ఫైసార్లు బోరింగు కొట్టిన మనిషి! ఆవిడ నోట్లోంచి రాని మాటను ఆవిడకు అంటగట్టి, ఊరందరి ముందు అబద్ధాలకోరును చేసి కూర్చోబెట్టాడు. అంతా విని, తన మాట మీద తనకే నమ్మకం లేకుండా కూర్చుందావిడ. సిగ్గుతో వాడి చెవులు మండిపోయాయి. ఊరుకుంటే ఎవరికీ తెలియదు, మార్కులు ఎటూ పోవు. ఊరుకుంటే ఆ వీధికి పైపు రాదు.

వాడు లేచాడు. పక్కనున్న స్నేహితుడు చొక్కా పట్టుకుని లాగాడు. వదిలించుకున్నాడు.

"సర్పంచిగారూ, కరుణమ్మగారు ఆ మాట ఒక్కసారే అన్నారండీ. వానల్లో. వానలు తగ్గాక రమ్మన్నారు. నేను వెళ్ళలేదు. మిగతా ఐదు వారాల అంకెలూ, మాటలూ నేనే ఇంట్లో కూర్చుని రాశాను."

అనసూయ మేడం ముఖం పాలిపోయింది. మంగారావుగారికి కోపం వచ్చింది.

"ఇంత అబద్ధం రాసినవాడివి, ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని ఎందుకు నమ్మాలయ్యా?"

"నమ్మొద్దండీ" అన్నాడు ఫణీంద్ర. "నన్ను అస్సలు నమ్మొద్దు. మీటరు ఇదిగో. బోరింగు రెండు వందల గజాల్లో ఉంది. అందరూ రండి, మీ కళ్ళతోనే చూడండి."

అందరూ కదిలారు. దారిలో ఎవరూ వాడితో మాట్లాడలేదు. బోరింగు దగ్గర కరుణమ్మ ముందుకు రాబోతే, "మీరుండండి, నేను కొట్టాలి" అని యాభైసార్లూ తనే కొట్టాడు. అరచేతులు ఎర్రబడ్డాయి. గ్లాసు పట్టి, మీటరును సర్పంచిగారి చేతికే ఇచ్చాడు.

రెండు వేల నూట అరవై.

"ఇదేంటి, ఇంతా!" అన్నారు మంగారావుగారు. వెనక నుంచి ఒక పెద్దాయన, "ఈధి ఎనకాల కొత్తగా రొయ్యల చెరువు తవ్వి ఉప్పునీళ్ళు పెట్టారు కదండీ, ఆ నీళ్ళే దిగుతున్నాయి" అన్నాడు. ఐదు వారాల్లో ఒక్క ఆదివారం ఈ వీధికి వచ్చి ఉన్నా ఫణీంద్ర ఆ చెరువును చూసి ఉండేవాడు.

చివరి వీధి పేరు అక్కడికక్కడే జాబితాలో పైకెక్కింది. పైపు వచ్చేదాకా రోజూ ట్యాంకరు పంపడానికి, ఆ చెరువు సంగతి తేల్చడానికి తీర్మానం రాశారు. ఇందాక నవ్వినవాళ్ళు ఇప్పుడు కరుణమ్మ వంక చూడలేకపోయారు.

మర్నాడు క్లాసులో మేడం ఫణీంద్ర రికార్డు మీద సున్నా వేశారు. "ఇందులో నా తప్పూ ఉంది. బురద అంటని రికార్డు చూసి అనుమానించాల్సింది పోయి మెచ్చుకున్నాను" అని అందరి ముందూ ఒప్పుకున్నారు. తర్వాత కొత్త రికార్డు ఒకటి వాడి ముందు పెట్టారు. "మళ్ళీ ఆరు వారాలు" అన్నారు. "వెళతానండీ" అన్నాడు ఫణీంద్ర. ఆ మాటలో ఏడుపు లేదు.

ఆదివారం ఏడు కొట్టకముందే వాడు చివరి వీధిలో ఉన్నాడు. కరుణమ్మ ట్యాంకరు నీళ్ళు పట్టుకుంటోంది. వాడు తల వంచుకుని, "తప్పయిపోయిందండీ. నా మూలంగా మిమ్మల్ని చూసి అందరూ నవ్వారు" అన్నాడు.

"నవ్వారు మరి. ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు" అంది కరుణమ్మ నిష్కర్షగా. కాసేపు వాడిని ఎగాదిగా చూసి, బిందె కింద పెట్టింది. "సరే, అంత జనంలో లేచి చెప్పావు. అదెవరూ చెయ్యరు. ఇంతకీ ఇవాళ నా పేరున ఏం రాస్తావు?"

"మీరు ఏమంటే అది."

"అయితే రాసుకో. నిన్న ట్యాంకరు నీళ్ళతో పప్పు ఉడికింది. పిల్లలు రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నారు."

గడి చిన్నది. ఫణీంద్ర అక్షరాలు ఇరికించి, ఒక్క మాటైనా వదలకుండా రాశాడు.

తెలియని చోట గడిని ఖాళీగా వదిలెయ్యడం తప్పు కాదు. చూడనిదాన్ని చూసినట్టు రాయడమే తప్పు, ఎందుకంటే ఆ రాతను నమ్మి నీళ్ళు తాగేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉంటారు.