మూత వేసిన బండి

దీక్షితులు గారిని ఏదైనా అడిగితే జవాబు అప్పటికప్పుడు దొరకదు. చిటికెడు ముక్కుపొడి పీల్చి, "చూద్దాం" అంటారు. ఆ చూడటం మర్నాడు కావచ్చు, మళ్ళీ కార్తీకమాసానికి కావచ్చు. పిఠాపురంలో ఆయన వీధి అరుగు మీద కూర్చుని గీత చెప్పించుకునే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అయినా అడగటం మానరు.

ఆ గురువారం పాఠం అయ్యాక అందరూ చాపలు దులుపుకుని వెళ్ళిపోయినా, రైస్‌మిల్లు ఫోర్‌మన్ వీరభద్రం కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"గురువుగారూ, మీ ఎదురుగా ఉన్నంతసేపూ నా మనసు వెన్నపూసలా ఉంటుందండీ. ఎవరేమన్నా నవ్వే వస్తుంది. ఇంటి గడప తొక్కానో లేదో, మా ఆవిడ మీద కస్సుమని లేస్తాను. కూరలో ఉప్పు తక్కువైతే అరుస్తాను. సరిపోతే, ఇన్నాళ్ళూ ఏమైందని అరుస్తాను. జపం పెంచాను. ఒంటిపూట తింటున్నాను. ఉల్లిపాయ మానేశాను. ఏం లాభం? మొన్న మంగతాయారు బట్టలు సంచీలో సర్దుకుంది. ఇంకొక్కసారి అరిచారంటే తునిలో మా అక్క దగ్గరికి పోతాను, మళ్ళీ రాను అంది. అది ఉత్తినే అనే మనిషి కాదండీ. నాకు భయంగా ఉంది. ఇంకా ఏం పెంచమంటారు?"

దీక్షితులు గారు పొడి పీల్చారు. "చూద్దాం. అది సరేగానీ, నీ కారు ఎంతవరకు వచ్చింది?"

అంత దిగుల్లోనూ వీరభద్రం ముఖం వెలిగిపోయింది. ఆ కారు అతని పంచప్రాణాలు మరి. చట్రమూ, తలుపులూ, చక్రాలూ కోయంబత్తూరు నుంచి పెట్టెల్లో తెప్పించాడు. పాత వ్యాను ఇంజను సంపాదించాడు. పెరట్లో రేకుల షెడ్డు వేసి అన్నీ తన చేత్తోనే బిగించుకున్నాడు. బానెట్ అయితే అచ్చంగా సొంత తయారీ. ఎప్పటికైనా గురువుగారిని అందులో ఊరేగించాలని అతని కోరిక. ఇంజను రొద ఆయన చెవిన పడకూడదని బానెట్ లోపలివైపు మందపాటి కంబళి అతికించాడు కూడా. మిల్లు నుంచి రాగానే బానెట్ ఎత్తి, చెవి వంచి, కార్బురేటర్ స్క్రూని అటు కాస్తా ఇటు కాస్తా తిప్పుతూ వినేవాడు. మంగతాయారు తెచ్చిన కాఫీ ఆ షెడ్డులోనే చల్లారిపోయేది.

"షెడ్డులో తంబురాలా పలుకుతోందండీ! రోడ్డెక్కితేనే పేచీ పెడుతోంది. ఇంకాస్త ట్యూనింగ్ చేస్తే..."

"ఆదివారం గొల్లప్రోలులో నా పురాణం ఉంది. నీ కారులోనే వెడదాం. మీ ఆవిణ్ణి కూడా ఎక్కించు," అన్నారాయన.

ఆదివారం దీక్షితులు గారు ముందు సీట్లో కూర్చున్నారు. మంగతాయారు వెనక ఎక్కింది. ఆమె ఒళ్ళో గుడ్డసంచీ వీరభద్రం కంట పడింది.

"ఆ సంచీ ఎందుకే?"

"ఉంటుంది లెండి. తుని బస్సులు ఆ దారినే కదా పోయేది," అందామె, కిటికీలోంచి బయటికి చూస్తూ.

బయల్దేరే ముందు వీరభద్రం బానెట్ ఎత్తి ఇంజను తిప్పి గురువుగారికి వినిపించాడు. నిజంగానే తంబురాలా ఉంది. ఆయన తల పంకించారు. బానెట్ మూసి వీధిలోకి వచ్చారు. వీధి మలుపు దగ్గరే ఇంజనుకి దగ్గు పట్టుకుంది. గుప్పున నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. వీరభద్రం దిగి బానెట్ ఎత్తి తాళం తిప్పాడు. కాసేపు గునిసి, మళ్ళీ తంబురా అందుకుంది.

"పెట్రోలు ఎక్కువ తాగుతోందండీ," అని స్క్రూ కాస్త బిగించి, బానెట్ మూసి పోనిచ్చాడు. రైల్వే గేటు దగ్గర మళ్ళీ అదే దగ్గు, అదే పొగ. ఈసారి ప్లగ్గులన్నీ తీసి తుడిచి పెట్టాడు. గేటు దగ్గర ఆగిన జనం చుట్టూ మూగి తలో సలహా పారేశారు. కొబ్బరికాయ కొట్టారా అని ఒకాయన, కొట్టకపోతే ఇంతేనని ఇంకొకాయన. బానెట్ ఎత్తి ఉన్నంతసేపూ ఇంజను ఏమీ ఎరగనట్టు పాడుతూనే ఉంది.

"వీరభద్రం, షెడ్డులో దీన్ని ఎప్పుడైనా మూత వేసి తిప్పి చూశావా?" అని అడిగారు దీక్షితులు గారు.

"అదెలా కుదురుతుందండీ? మూత వేస్తే స్క్రూ ఎలా తిప్పను? అసలు దాని గొంతెలా వినపడుతుంది?"

"అదీ నిజమే," అని ఆయన మళ్ళీ ముక్కుపొడి తీశారు.

గొల్లప్రోలు ఇంకా కనపడను కూడా లేదు, ఒక బస్సు స్టాపు ఎదురుగా కారు మళ్ళీ చచ్చి ఊరుకుంది. ఆ క్షణాన వీరభద్రానికి జపమూ గుర్తు లేదు, ఉల్లిపాయ మానేసిన సంగతీ గుర్తు లేదు.

"నువ్వెక్కబట్టే ఇలా ఏడ్చింది! మొహం మాడ్చుకుని వెనకాల కూర్చుంటే ఏ బండి కదులుతుందే!"

అనేశాక ముందు సీట్లో ఎవరున్నారో గుర్తొచ్చింది. నాలిక కరుచుకున్నాడు. అప్పటికే మంగతాయారు సంచీ పట్టుకుని దిగింది. నెమ్మదిగా రోడ్డు దాటి బస్సు స్టాపు నీడలో నిలబడింది. దూరంగా బస్సు వస్తున్న దుమ్ము కనిపించింది.

వీరభద్రం గురువుగారి వైపు తిరిగాడు. "చూశారు కదండీ, మీ ఎదుటే... అయిపోయిందండీ నా సంసారం."

దీక్షితులు గారి ముఖంలో కోపం లేదు సరికదా, పోయిన వస్తువేదో దొరికినంత సంబరం కనిపించింది. "ముందు ఆ మూత పూర్తిగా విప్పి అవతల పెట్టు," అన్నారు.

వీరభద్రం గబగబా బోల్టులు విప్పి, బానెట్ తీసి వెల్లకిలా పెట్టాడు. కంబళి మధ్యలో ఒకచోట జారి వేలాడుతోంది. దాని మీద కాఫీ గ్లాసంత గుండ్రటి నల్లమచ్చ ఉంది. అది సరిగ్గా కార్బురేటర్ గాలి పీల్చే మూతికి తగిలే చోటు.

"అయ్యో నా మతి మండా!" అని నెత్తి కొట్టుకున్నాడు. "దీని నోట్లో నేనే కంబళి కుక్కానండీ! ఊపిరాడక చచ్చిపోతుంటే స్క్రూలు తిప్పుకుంటూ కూర్చున్నాను. మూత ఎత్తగానే బాగుంటే, నేను బాగుచేశాననుకున్నాను!"

తాళం తిప్పితే ఇంజను అందుకుంది. ఎంత తొక్కినా ఆగలేదు. అయినా వీరభద్రానికి సంతోషం కలగలేదు. అతని చూపంతా రోడ్డు అవతలే ఉంది. బస్సు వచ్చి ఆగింది. "తుని, తుని" అని కండక్టర్ అరిచాడు.

"అమ్మా మంగతాయారూ, ఆ బస్సు పోనీ. నీతో చిన్న పనుంది," అని కేకేశారు దీక్షితులు గారు.

బస్సు కదిలిపోయింది. దుమ్ము సర్దుకునేసరికి మంగతాయారు అక్కడే ఉంది. ఆమె రోడ్డు దాటి వచ్చి, వెల్లకిలా ఉన్న బానెట్ చూసి టక్కున ఆగిపోయింది.

"చలికాలమంతా ఇల్లు పీకి పందిరేసి వెతికిన నా కంబళి ఇదా!"

వీరభద్రం తల వంచుకున్నాడు. అరవటానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు. "తప్పయిందే," అన్నాడు, వినపడీ వినపడనట్టు.

ఆమె సంచీ దించలేదు. "పనన్నారు, ఏమిటండీ?" అని గురువుగారిని అడిగింది.

దీక్షితులు గారు ముక్కుపొడి డబ్బా మూత తీసి, మళ్ళీ వేసి, ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇన్నేళ్ళూ వీణ్ణి నేనూ మూత తీసే విన్నానమ్మా. వచ్చే గురువారం నుంచి వీడి పాఠం మా అరుగు మీద కాదు, మీ వంటింటి గుమ్మంలో. నువ్వు నీ పని చేసుకుంటూ ఉండు. కూరలో ఉప్పు మాత్రం వెయ్యకు."