గోగుపూత

"ఎంత పెద్ద సందేహమైనా మూడు మాటల్లో తేల్చేస్తాను" అని రామజోగి గురువు గొప్పగా చెప్పుకునేవాడు. నిజమే. కాకపోతే ఆ మూడు మాటలూ ఆయన నోట్లోంచి ఊడిపడటానికి రెండు మూడు నెలలు పట్టేది.

ఆశ్వయుజంలో గోగుచేను పసుపు పూత మీదున్న రోజున, తొమ్మిదేళ్ళుగా ఆయన మఠంలో ఉంటున్న తవిటయ్య భయపడుతూ భయపడుతూ నోరు విప్పాడు. "గురూగారూ, పూడివలస వాళ్ళు తమ మఠం చూసుకోడానికి నన్ను రమ్మంటున్నారు. పుష్యం లోపు వెళ్ళకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటారట. నేను అందుకు తగినవాణ్ణేనా? ఇంకో రెండేళ్ళు నేర్చుకోమంటారా?"

"ముందు గోగు కొయ్యరా," అన్నాడు గురువు.

నిటారుగా ఎదుగుతున్న చేనుని చూస్తే తవిటయ్యకు చెయ్యి రాలేదు. "ఇంకా పెరుగుతుంది కదండీ! ఆగితే నార ఎక్కువొస్తుంది."

"సరే. సగం నా మాట, సగం నీ మాట."

గురువు మాట ప్రకారం కోసిన సగాన్ని కట్టలు కట్టి మడుగులో నానేశారు. రెండు వారాలు ఊరాక పట్టి లాగితే, నార మొదలు నుంచి కొస దాకా ఒక్క ఊపున జారి వచ్చేసింది. తవిటయ్య సగం మాత్రం కాయలు ఎండేదాకా నిలబడింది. మార్గశిరంలో దాన్నీ కోసి నానేసి, మోకాలి లోతు చన్నీళ్ళలో దిగి లాగితే, నార పుల్లని పట్టుకుని వదల్లేదు. ఊడొచ్చిన దానికి బెరడు పెచ్చులు అంటుకునే ఉన్నాయి. బరువైతే తూగింది గానీ, తాడు పేనబోతే పుటుక్కుమంది.

తవిటయ్య ఆ పీచు చేత్తో పట్టుకుని నీళ్ళలోనే కొయ్యబారిపోయాడు. తొమ్మిదేళ్ళు!

"గురూగారూ... నేనూ ముదిరిపోయానా?"

గట్టు మీద కూర్చున్న గురువు పగలబడి నవ్వాడు. "ఏట్రా ఆ ఏడుపు మొహం? మొన్న ఏకాదశికి నేను తత్వం తప్పు చెబితే అందరి ముందూ దిద్దావు. దిద్ది, నా కాళ్ళకి దండం పెట్టావు. లేతవాడికి దిద్దే ధైర్యముండదు, ముదిరినవాడికి నడుం వంగదు. పో, రేపే పో."

రెండు నెలల తర్వాత మొదటిసారి తవిటయ్యకు గుండెల నిండా ఊపిరి ఆడింది. మడుగులో నీళ్ళు కూడా వెచ్చగానే తోచాయి. గట్టెక్కి, బురద చేతులతోనే గురువు కాళ్ళు పట్టుకున్నాడు.

"మరి ఈ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదండీ?"

గురువు లేచి పంచె దులుపుకున్నాడు.

"నీ పూత నేను నిరుడే చూశానురా. నువ్వెళ్ళిపోతే చారు నేనే కాచుకోవాలి. నాకది రాదు."