జిల్లేళ్లగుట్ట మీద చెవి మూసుకున్న తల్లి

జిల్లేళ్లపాడుకు ఉత్తరంగా కోసు దూరంలో ఉన్న గుట్ట మీద శ్రీ చెవిమూతమ్మ తల్లి కొలువై ఉన్నది. మెట్లు నూట పన్నెండు. దారిలో నీడ లేదు కనుక ఎండ ముదరకముందే ఎక్కడం మంచిది. అమ్మవారిది నిలువెత్తు నల్లరాతి విగ్రహం. ఎడమ చేయి అభయమిస్తూ ఉంటుంది. కుడి చేయి మాత్రం, ఏ శాస్త్రంలోనూ చెప్పని విధంగా, కుడి చెవిని మూసి ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య కాస్త సందు కనబడుతుంది.

ఈ ఆలయంలో గంట లేదు. కోరికలు చెప్పుకోవడం నిషిద్ధం. పెళ్లి, సంతానం, ఉద్యోగం, కోర్టు వ్యవహారం వంటి వాటికి చుట్టుపక్కల మంచి దేవాలయాలు చాలా ఉన్నాయి. ఇక్కడికి వచ్చిన భక్తుడు ఆ వేళ్ల సందు దగ్గర నోరు పెట్టి, పొద్దున లేచినప్పటి నుంచి తనకు సవ్యంగా జరిగిన చిన్న సంగతి ఒకటి చెప్పి రావాలి. "పాలు విరగలేదు తల్లీ." "కరెంటు పోకముందే పిండి రుబ్బుకున్నాను తల్లీ." అంతే. మధ్యలో 'కానీ' అన్న మాట దొర్లితే మళ్లీ వరుస చివరికి వెళ్లి నిలబడాలి. ఆ మధ్య ఒక పెద్ద అధికారి సకుటుంబంగా వచ్చి, చెప్పడానికి ఏమీ తోచక మూడుసార్లు వరుస చివరికి వెళ్లారు. నాలుగోసారి "మేజోళ్లకు చిల్లు లేదు తల్లీ" అని చెప్పి బయటపడ్డారు.

పూర్వం ఇక్కడ అమ్మవారు కుడి చేతిని కూడా చాచి వరాలిస్తూ ఉండేది. అప్పటి పేరు జిల్లేళ్లమ్మ. కోరికను ఆమె కుడి చెవిలో చెప్పుకోవడం ఊరి ఆనవాయితీ. వందల ఏళ్లుగా నోళ్లు తగిలి తగిలి ఆ చెవి నున్నగా అరిగిపోయింది. వాన కావాలని రైతులు, వాన వద్దని కుమ్మరులు ఒకే పూట చెప్పేవారు. కోడలికి బుద్ధి ఇమ్మని అత్త చెప్పి దిగుతుంటే, అత్తకు పక్షవాతం ఇమ్మని కోడలు ఎక్కేది.

వీరందరిలోకీ క్రమం తప్పని భక్తురాలు ఆదెమ్మ. ఆమె గొల్లల ఇంటి కోడలు. భర్త యలమంద మంచివాడు, పనిమంతుడు, యాభై మేకలు కాచేవాడు. అతనిలో లోపం ఒక్కటే, గురక. అది మామూలు గురక కాదు. మొదట రంపం కోసినట్టు, తరువాత ఎసరు మరిగినట్టు, చివర సన్నగా ఈల వేసినట్టు మూడు దశల్లో సాగేది. మళ్లీ రంపం. పక్కింటివాళ్లు పడకను కల్లానికి మార్చుకున్నారు. ఆదెమ్మ ఏడేళ్లపాటు ప్రతి శుక్రవారం గుట్టెక్కి చెవిలో ఒకటే మాట చెప్పింది.

"తల్లీ, ఆ గురక మాన్పు. నాకు నగలొద్దు, నట్రొద్దు. ఆ ఒక్కటి మాన్పు."

ఏడో ఏట ఒక శుక్రవారం ఆమె ఓపిక నశించింది. "ఇదే ఆఖరు చెప్పడం. వచ్చే శుక్రవారంలోగా మానాల. లేకపోతే నీకంటే పక్కూరి గంగమ్మే నయమని పోతా" అని చెవిలో గట్టిగా చెప్పి దిగి వచ్చింది.

ఆ సాయంత్రం మేకలు ఇంటికి వచ్చాయి. యలమంద రాలేదు. మందకు దారి తెలుసు, కాపరితో దానికి పని లేదు. లెక్క చూస్తే ఒక పాడిమేక తక్కువ. దాన్ని వెతుకుతూ ఆగి ఉంటాడని అనుకున్నారు. తెల్లవారినా రాలేదు. గుట్ట వెనుక అంతా బండలు, పొదలు, చిరుతల తావు.

ఆదెమ్మ ముఖం కడుక్కోకుండానే గుట్టెక్కింది. మగడిని ఇమ్మని అడగడానికి అమ్మవారి చెవి దగ్గరికి నోరు తీసుకువెళ్లింది. అక్కడ చెవి లేదు. రాతి చేయి దాన్ని మూసి ఉంది.

ఆమె కేకకు పూజారి తంబళ్ల శరభయ్య పరుగెత్తుకొచ్చి చూసి, కిందికి వెళ్లి ఊరిని పిలుచుకొచ్చాడు. ఊరివారు చాలాసేపు చూశారు. నాటువైద్యుడు వీరాచారి ముందుకు వచ్చి, అమ్మవారి నుదుటి మీద చేయి వేసి, పెదవి విరిచాడు.

"చెవిపోటు" అన్నాడు.

"అమ్మవారికా?" అన్నాడు శరభయ్య.

"మరి చెవి పట్టుకుని నిలబడితే ఇంకేమంటారయ్యా? పంటినొప్పి అంటారా?"

వైద్యం మొదలైంది. వెల్లుల్లి రేకలు వేసి కాచిన నూనెను వేళ్ల మీదుగా ధారగా పోశారు. ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టారు. చలిగాలి తగలకుండా తలకు ఉన్ని కంబళి చుట్టారు. త్వరగా నయం కావాలని శరభయ్య పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా, ఆ చెవి పక్కనే, గంట ఆపకుండా కొట్టాడు.

యలమందను వెతకడం కూడా శ్రద్ధగానే సాగింది. చిరుతలు దగ్గరికి రాకుండా ముందు నాలుగు డప్పులు, వెనుక రెండు కొమ్ముబూరలు, మధ్యలో "యలమందోయ్" అని అరిచే పాతికమంది. రెండు రోజులు గుట్ట వెనుక ప్రతి బండనూ దాటారు. ఇంత చప్పుడుకు పలకనివాడు బతికి ఉండడని మూడో రోజు సాయంత్రం తేల్చారు. ఆదెమ్మ ఇంటి ముందు ఆడవాళ్లు చేరారు.

"ఎన్ని జేసినా మగాడు మగాడేనమ్మా" అని ఒకామె ముక్కు చీదింది. "అయినా ఇక మీదట నిద్రన్నా పడతది నీకు."

ఆదెమ్మ ఆమెను చీపురుతో వాకిలి దాకా సాగనంపింది. నిజానికి ఆ మూడు రాత్రులు ఆమె కన్ను మూయలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఊరంతా అన్నాలకు కూర్చుంది. శవమైనా దొరుకుతుందేమోనని తిరుగుతున్న డప్పులవాళ్లు డప్పులు దింపారు. శరభయ్య భుజం పట్టేసి గంట తాడు వదిలేశాడు. ఆదెమ్మ ఒక్కతే గుడి మండపంలో అమ్మవారికి ఎదురుగా చతికిలబడింది. మూడు రోజుల నిద్ర ఒక్కసారిగా ముంచుకొచ్చింది. ఆ కునుకులో తల్లి కనబడింది. తలకు కంబళి, మోచేతి నుంచి నూనె కారుతూ ఉంది.

"చెవిపోటు తగ్గిందా తల్లీ?" అంది ఆదెమ్మ.

"నాకు చెవిపోటేందే? మీ పోరు పడలేక మూసుకున్నా. ఆ గంట కొట్టేవాడి చేతులు పడిపోను! ఇకమీదట అడిగేది వినను. కలిగింది చెప్పు, వింటా."

"మగడిని పోగొట్టుకుని కూసున్నా, నాకేం కలిగింది?" అని ఆదెమ్మ కాసేపు ఆలోచించి, తెలివిగా మొదలుపెట్టింది. "నా మగడిని క్షేమంగా ఇంటికి తెస్తున్నందుకు దండాలు తల్లీ."

అమ్మవారు చెవిని ఇంకా గట్టిగా నొక్కుకుంది. "దొడ్డిదారిన అడగటం నా దగ్గర కుదరదు."

"సరే. మంద ఇల్లు చేరింది. కానీ మడిసి..."

"కానీ అన్నావా, అయిపోయింది."

ఆదెమ్మకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. పొద్దున్నుంచి ఏం జరిగిందో వెనక్కి వెళ్లి ఒక్కొక్కటే తడుముకుంది. చివరికి, "పొయ్యి ఒక్కసారి ఊదితేనే అంటుకుంది" అంది. పొయ్యి అంటుకుంటే మాత్రం ఏం లాభమని నోటి చివరి దాకా వచ్చింది. మింగేసింది.

అమ్మవారి చూపుడు వేలు కదిలింది.

"చద్దన్నం పులవలేదు. నల్లమేక తన్నకుండా పాలిచ్చింది. గడప తగిలి తూలా, పడలేదు."

చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య సందు ఏర్పడింది. ఆదెమ్మ దగ్గర చెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు. ఊరుకుంది. అమ్మవారూ ఊరుకుంది. మూడు రోజుల తరువాత గుట్ట మీద పగటిపూట మొదటిసారి చప్పుడు ఆగింది.

అప్పుడు, ఎక్కడో నేల అడుగు నుంచి, రంపం కోసినట్టు వినబడింది.

ఆదెమ్మ దిగ్గున లేచి కూర్చుంది. కల పోయింది. చప్పుడు పోలేదు. రంపం ఆగింది, ఎసరు మరిగింది. ఆమె ఊపిరి బిగబట్టింది. సన్నగా ఈల వినబడింది.

చెప్పులు లేకుండా బండల మీద పరుగెత్తింది. ఈల దగ్గర ఆగి, మళ్లీ రంపం వచ్చేదాకా నిలబడి, అది ఎటు నుంచి వస్తే అటు వెళ్లింది. డప్పులవాళ్లు నాలుగుసార్లు దాటి వెళ్లిన బండ కింద, పొదలు కప్పిన బిలం ఉంది. రెండు నిలువుల లోతున యలమంద కాలు చాపుకుని, పాడిమేకకు తల ఆనించి, నిద్రపోతున్నాడు. మేకను పట్టుకోబోయి జారి పడ్డాడు, చీలమండ విరిగింది. మొదటి రోజే అరిచి అరిచి గొంతు పోయింది. పైన డప్పులు మోగుతుంటే రాయి మీద రాయి కొట్టినా ఎవరికీ వినబడలేదు. మేక పాలు తాగి ప్రాణం నిలుపుకున్నాడు. గొంతు పోయింది గానీ గురక పోలేదు.

"ఏమయ్యా! బతికే ఉన్నావా?"

యలమంద కళ్లు తెరిచి పైకి చూశాడు. "ఇప్పుడే కునుకు పట్టింది గదంటే" అన్నాడు, గాలి తప్ప గొంతు లేకుండా.

నులక మంచానికి మోకులు కట్టి అతన్ని పైకి లాగారు. మేక దానంతట అదే ఎక్కి వచ్చింది. వీరాచారి కాలికి కట్టు కట్టి, ఇదంతా వెల్లుల్లి నూనె ప్రభావమని చెప్పాడు. ఇప్పటికీ శుక్రవారం అభిషేకం ఆ నూనెతోనే జరుగుతున్నది, ఆపమని అమ్మవారు ఎవరి కలలోనూ చెప్పలేదు కనుక. భక్తులు ఆ నూనెను చెవిలో వేసుకోరాదని దేవస్థానం మనవి.

గంటను మాత్రం ఆ రోజే దించేశారు. అమ్మవారి వేళ్ల సందు అలాగే ఉండిపోయింది. అంత సన్నటి సందులో పెద్ద మాటలు పట్టవని, పొయ్యి, చద్ది, గడప వంటివే దూరతాయని పెద్దలు చెబుతారు. ఆదెమ్మ గడువు పెట్టి వచ్చిన రాత్రే చెవి ఎందుకు మూసుకున్నదని అడిగేవారూ ఉన్నారు. గురక మాన్పమన్న ఆ కోరిక ఇంకొక్కసారి వింటే తల్లి మనసు కరిగి తీర్చి ఉండేదని, అందుకే చేయి అడ్డం పెట్టుకుందని ఆదెమ్మే తన చివరి రోజుల్లో చెప్పిందట.

శరభయ్య తరువాత ఈనాటి దాకా పూజ చేస్తున్నది ఆదెమ్మ వంశంలోని ఆడవారే. మధ్యాహ్నం గుడి తలుపులు వేయరు. ఆ వేళ మండపంలో నిద్రపోయే మగవారిని లేపరాదు. ఈ తల్లిని సేవించినవారికి కొత్తగా ఏదో వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఇంట్లో ఉన్నవి కాస్త స్పష్టంగా వినబడతాయని మాత్రం చాలామంది చెబుతారు.

మండపం చివర, ఆ దంపతుల ఇంటి మంచాలకు గుర్తుగా, రెండు రాతి మంచాలు ఉన్నాయి. ఒకటి యలమందది, రెండోది ఆదెమ్మది. ఇంత జరిగాక కూడా వాటిని కలిపి వేయలేదేమని భక్తులు అడుగుతుంటారు. గురక మాన్పమని ఆదెమ్మ మళ్లీ ఎన్నడూ అడగలేదు. కాకపోతే అతను ఇంటికి వచ్చిన రాత్రే తన మంచాన్ని వసారాలోకి జరుపుకుంది. రెండు మంచాల మధ్య దూరం పదకొండు అడుగులు. నిద్ర పట్టేంత దూరం, వినబడేంత దగ్గర. దంపతులుగా వచ్చిన భక్తులు ఆ పదకొండు అడుగులూ నడిచి చూసుకుని వెళ్లడం ఇక్కడి ఆచారం.